జాన్ గాబిన్: యుద్ధానికి ముందు, తర్వాత, మధ్యలో ఎవరూ అడగని ఎనిమిదేళ్ళు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒకే వారంలో 1937 నాటి ‘లా గ్రాండ్ ఇల్యూజన్’, 1971 నాటి ‘ల షా’ చూశారు. రెండింట్లోనూ ఉన్నది ఒకే ఫ్రెంచి నటుడు, జాన్ గాబిన్, అంటే నమ్మబుద్ధి కాలేదు. నెట్‌లో వెతికితే కొందరు “యుద్ధానికి ముందు మహానటుడు, తర్వాత మార్కెట్ చూసుకుని మూస సినిమాలు చేసుకున్నాడు” అన్నారు. ఇంకొందరు “తెల్లజుట్టు గాబినే అసలు గాబిన్” అన్నారు. ఎవరి మాట నమ్మాలి, ఏ సినిమాతో మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న.

మా ఫిల్మ్ క్లబ్బులో పాత ఫ్రెంచి సినిమా వేసినప్పుడల్లా బయట టీ దగ్గర ఈ వాదన వస్తూనే ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు వర్గాలూ 1945 నుంచి 1953 దాకా ఉన్న ఎనిమిదేళ్ళని దాటేసి మాట్లాడతాయి. ఆ ఎనిమిదేళ్ళూ గాబిన్ దాదాపు లెక్కలోంచి పోయిన మనిషి. ఆ దెబ్బ సంగతి తెలిస్తేనే ముందున్న గాబిన్‌కీ తర్వాతి గాబిన్‌కీ లంకె దొరుకుతుంది. కాస్త పొడుగ్గా చెప్పాల్సి వస్తుంది, ఓపిక పట్టండి.

అసలు పేరు జాన్ అలెక్సిస్ మాంకోర్జే. 1904 మే 17న పారిస్‌లో పుట్టాడు. గాబిన్ అన్నది తండ్రి స్టేజీ మీద వాడుకున్న పేరు. తండ్రి ఆపరెట్టాల్లో, మ్యూజిక్ హాళ్ళలో వేషాలు వేసేవాడు. తల్లి కూడా పాటలు పాడిన మనిషే. పిల్లాడు పెరిగింది మాత్రం పారిస్‌కి ఉత్తరాన మేరియెల్ అనే పల్లెలో, రైలు పట్టాల పక్కనున్న ఇంట్లో. పెద్దయ్యాక రైలింజను నడపాలని వాడి కోరిక. చదువు ఒంటబట్టలేదు, కూలి పనులు చేశాడు. నాటకాల వైపు చూడనని మొండికేస్తే, చివరికి తండ్రే తీసుకెళ్ళి ఫోలీ బెర్జేర్ అనే పారిస్ మ్యూజిక్ హాల్లో చేర్పించాడు. గుంపులో ఒకడిగా నిలబడటం, మధ్యలో నౌకాదళంలో తప్పనిసరి సేవ, తిరిగొచ్చాక పాటలు, డాన్సులు, అప్పటి స్టార్ మొరీస్ షెవాలియేని అనుకరించడం. ఆ రోజుల్లో మ్యూజిక్ హాల్ మహారాణి మిస్తాంగెట్ పక్కన మూలాఁ రూజ్‌లో కూడా ఆడాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గాబిన్‌ని ‘సహజ నటుడు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. సహజంగా కనిపించడం వెనక ఏడెనిమిదేళ్ళ స్టేజీ పని ఉంది. టైమింగ్ అక్కడే నేర్చుకున్నాడు. 1930లో టాకీలు వచ్చి, మాట్లాడగలిగి పాడగలిగిన మనుషుల కోసం స్టూడియోలు వెతుక్కుంటున్నప్పుడు అతను సిద్ధంగా ఉన్నాడు. మొదట్లో వచ్చినవన్నీ తేలికపాటి కామెడీలూ పాటల సినిమాలే. వాటి జోలికి మీరు వెళ్ళక్కర్లేదు.

మలుపు తిప్పింది దర్శకుడు జూలియన్ దువివియే. 1935లో ‘లా బాందెరా’, 1936లో ‘లా బెల్ ఎకీప్’, 1937లో ‘పెపే ల మొకో’. మొదటి దాంట్లో హత్య చేసి స్పెయిన్ విదేశీ దళంలో దాక్కున్న మనిషి. రెండోదాంట్లో లాటరీ తగిలిన అయిదుగురు నిరుద్యోగుల్లో ఒకడు. అందరూ కలిసి మార్న్ నది ఒడ్డున ఓ హోటలు కట్టుకుంటారు. ఫ్రాన్సులో పాపులర్ ఫ్రంట్ అనే వామపక్ష కూటమి ప్రభుత్వం వచ్చిన ఏడాది అది, సమ్మెలు, జీతంతో కూడిన సెలవులు, కూలివాళ్ళ ముఖాల్లో కొత్త ధైర్యం. టోపీ వెనక్కి తోసుకుని నది ఒడ్డున పాట పాడే గాబిన్ ఆ ఏడాది ఫోటోలా మిగిలిపోయాడు. తమాషా ఏంటంటే ఆ సినిమాకి రెండు ముగింపులు తీశారు, ఒకటి విషాదం, ఇంకొకటి సుఖాంతం. సుఖాంతమే జనానికి నచ్చింది. దువివియేకి నచ్చింది విషాదం. పెద్ద హీరో ఉంటే క్లైమాక్స్ మార్చమనే ఒత్తిడి మన దగ్గరే పుట్టిందనుకునేవాళ్ళకి ఈ సంగతి చెబుతుంటాను.

అక్కణ్ణుంచి 1939 దాకా అతను చేసిన సినిమాల జాబితా చూస్తే కళ్ళు తిరుగుతాయి. దర్శకుడు రెన్వాతో మూడు: ‘లే బా ఫాఁ’, ‘లా గ్రాండ్ ఇల్యూజన్’, ‘లా బెత్ యుమేన్’. దర్శకుడు మార్సెల్ కార్నే, రచయిత జాక్ ప్రెవేర్ జోడీతో రెండు: ‘ల కే దె బ్రూమ్’, ‘ల జూర్ స లేవ్’. దర్శకుడు గ్రెమియోఁతో ‘గల్ దమూర్’. పట్టుమని నాలుగేళ్ళు కూడా లేవు. ఈ సినిమాల్లో ఎక్కువభాగం ఒకటే కథ: చేతులతో పని చేసుకుని బతికే మంచివాడు, ఎక్కడో ఒకచోట కోపం కట్టలు తెంచుకుంటుంది, అక్కడితో బతుకు ముగుస్తుంది. విమర్శకుడు ఆంద్రే బజాన్ దీన్ని గ్రీకు విషాదాలతో పోల్చి రాశాడు. సినిమాకో కోపం సీను, ఓ చావు సీను ఉండాలని గాబిన్ కాంట్రాక్టులోనే రాయించుకునేవాడని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, అలాంటి కథ పుట్టిందంటేనే జనం అతన్ని ఎలా చూసేవారో తెలుస్తుంది.

‘లా బెత్ యుమేన్’ మొదటి కొన్ని నిమిషాలు మళ్ళీ ఒకసారి చూడమంటాను. ఫ్రెంచి రచయిత జోలా నవల ఆధారం. లాంతియే అనే ఇంజను డ్రైవరు ల హావ్ర్ వైపు రైలు తోలుతుంటాడు. మాటల్లేవు. ఇంజను హోరులో మాట వినబడదు కాబట్టి డ్రైవరు, బొగ్గు వేసే మనిషి ఇద్దరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. గాబిన్ కళ్ళద్దాలు పైకి నెట్టుకుంటాడు, తల బయటపెట్టి సిగ్నల్ చూస్తాడు, లివరు మీద చెయ్యి వేస్తాడు. అంతే. నటించడానికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఈ మనిషికి ఈ ఇంజను తప్ప వేరే ఇల్లు లేదని అయిదు నిమిషాల్లో మనకి అర్థమైపోతుంది. ఆ సినిమా కోసం గాబిన్ ఇంజను నడపడం నేర్చుకున్నాడు. చిన్నప్పటి కోరిక అలా తీరింది.

‘ల జూర్ స లేవ్’ ఇంకా బిగువు. ఫ్యాక్టరీలో ఇసుక యంత్రం మీద పని చేసే ఫ్రాన్స్వా ఒకణ్ణి కాల్చి చంపి, అయిదారు అంతస్తుల పైనున్న తన గదిలో తలుపేసుకుంటాడు. కింద పోలీసులు, వీధినిండా జనం. రాత్రంతా ఆ గదే. అగ్గిపుల్లలు అయిపోతాయి, అందుకని ఆరబోయే సిగరెట్టుతోనే ఇంకొకటి ముట్టించుకుంటూ ఉండాలి, ఒక్కసారి ఆరిందంటే ఇక లేదు. ఎవరూ మాటల్లో చెప్పరు ఈ సంగతి, ఆ చేతులు చూసి మనమే గ్రహించాలి. తర్వాత ఒక చోట కిటికీ దగ్గరికొచ్చి కిందున్న జనం మీద అరుస్తాడు. ఎంతసేపు లోపల తొక్కిపెట్టుకున్నాడో అంతా ఒక్కసారి బయటికొస్తుంది. గాబిన్ కోపం ఎందుకంత పనిచేసేదంటే, దానికి ముందు గంటసేపు దాదాపు ఏమీ చెయ్యకుండా కూర్చోగలిగేవాడు కాబట్టి. మీరు చూసిన ‘గ్రాండ్ ఇల్యూజన్’లో ఒంటరి చీకటి కొట్టు సీను గుర్తుంది కదా? మొదట అరుపులు, తర్వాత కుదేలైపోవడం, ముసలి జర్మన్ కాపలావాడు జేబులోంచి మౌతార్గాన్ తీసి ఇచ్చి వెళ్ళడం. అదే పద్ధతి. అన్నట్టు, ఆ సినిమాలో గాబిన్ వేసుకున్న యూనిఫాం కోటు దర్శకుడు రెన్వాదే. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపినప్పటిది.

ఇక యుద్ధం. 1940లో ఫ్రాన్సు పడిపోయింది. పారిస్‌లో జర్మన్లు కాంటినెంటల్ అనే నిర్మాణ సంస్థ పెట్టి పెద్ద నటుల్ని పిలిచారు. గాబిన్ వాళ్ళకి పని చెయ్యనని 1941లో అమెరికా వెళ్ళిపోయాడు. హాలీవుడ్‌లో రెండే రెండు సినిమాలు, ‘మూన్‌టైడ్’, ‘ది ఇంపోస్టర్’. రెండూ ఆడలేదు. ఆడకపోవడానికి కారణం ఊహించడం కష్టమేమీ కాదు. గాబిన్ బలమంతా పారిస్ పేటల యాసలో, సగం మింగేసినట్టు పలికే మాటలో ఉంది. నేర్చుకున్న ఇంగ్లీషులో అది మాయమైపోయింది. మార్లీన్ డీట్రిచ్‌తో ప్రేమ కూడా అక్కడే. దాని గురించి పుస్తకాలే ఉన్నాయి, నేను వదిలేస్తున్నాను.

1943లో ద గాల్ నాయకత్వంలోని స్వేచ్ఛా ఫ్రెంచి దళాల్లో చేరాడు. స్టార్ కదా, సైనికుల ముందు వినోద కార్యక్రమాలు ఇచ్చుకుంటూ గడిపేయొచ్చు, చాలామంది అదే చేశారు. ఇతను ఒక చమురు నౌక మీద అట్లాంటిక్ దాటి అల్జీర్స్ చేరాడు, దారిలో ఆ కాన్వాయ్ మీద జర్మన్ విమానాలు దాడి చేశాయి. తర్వాత జనరల్ లక్లేర్ రెండో ఆర్మర్డ్ డివిజన్‌లో, నౌకాదళం వాళ్ళ సాయుధ రెజిమెంటులో, ‘సూఫ్లర్ 2’ అనే ట్యాంకుకి కమాండర్. అప్పటికి నలభై దాటాయి. 1945 వసంతంలో అలా జర్మనీలోకి, హిట్లర్ కొండ విడిది ఉన్న బెర్ష్‌టెస్‌గాడెన్ దాకా వెళ్ళాడు. మిలిటరీ మెడల్, క్రువా ద గేర్ అనే యుద్ధ పతకం రెండూ వచ్చాయి. తిరిగొచ్చేసరికి తల తెల్లబడింది.

ఇప్పుడు ఆ ఎనిమిదేళ్ళు.

వచ్చీ రాగానే కార్నే, ప్రెవేర్ పాత జట్టు పిలిచింది, ‘లే పోర్త్ ద లా న్యుయీ’ అనే సినిమాకి. గాబిన్, డీట్రిచ్ ఇద్దరూ చెయ్యాలి. చివరికి ఇద్దరూ తప్పుకున్నారు. ఆ వేషం అప్పటికి కుర్రాడైన గాయకుడు ఈవ్ మోంతాన్‌కి వెళ్ళింది. దాని బదులు గాబిన్ ఎంచుకున్నది, యుద్ధానికి ముందునుంచీ మనసులో పెట్టుకున్న ‘మార్తాఁ రూమాన్యాక్’. 1946. పల్లెటూరి మేస్త్రీ పాత్రలో గాబిన్, పక్కన డీట్రిచ్. జనం తిప్పికొట్టారు. ఇక్కడ నా అంచనా చెబుతాను: 1939లో ఆ మేస్త్రీ కథకి ఫ్రాన్సు ఏడ్చి ఉండేది. 1946లో అదే ముఖం తెల్లజుట్టుతో, ఒళ్ళు చేసి, పాత ప్రేమోన్మాదం నటిస్తుంటే చూసేవాళ్ళకి ఇబ్బందిగా ఉంది. విధి చేతిలో బలైపోయే కుర్రాడు ఒక కాలానికి చెందినవాడు. ఆ కాలం వెళ్ళిపోయింది. నాలుగేళ్ళు జర్మన్ల కింద బతికిన జనానికి అలాంటి చావు అందంగా కనిపించలేదు. ‘ల కే దె బ్రూమ్’ లాంటి సినిమాలే దేశాన్ని నీరసపరిచి ఓడించాయని జర్మన్లకి లోబడి నడిచిన విషీ ప్రభుత్వపు మనుషులు అన్నారు కూడా. తుఫాను వచ్చిందని బారోమీటర్‌ని తిడతారా అని కార్నే జవాబిచ్చినట్టు చెబుతారు.

చెడ్డ సినిమాలే చేశాడని కాదు. 1949లో రెనే క్లెమాన్ తీసిన ‘ఓ దెలా దె గ్రీయ్’లో పంటినొప్పి భరించలేక ఇటలీలోని జెనోవా రేవులో ఓడ దిగిన హంతకుడిగా చేశాడు. చాలా మంచి పని. ఆ సినిమాకి ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ గౌరవం దక్కింది, కేన్స్‌లో దర్శకుడికీ నాయిక ఈసా మిరాందాకీ బహుమతులొచ్చాయి. 1951లో గుడ్డివాడైన రైలు డ్రైవరుగా చేసిన వేషానికి గాబిన్‌కే వెనిస్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. అయినా టికెట్లు తెగడం వేరే సంగతి. నిర్మాతల దృష్టిలో అతను ‘ఒకప్పటి’ నటుడైపోయాడు. 1949లో బెర్న్‌స్టైన్ రాసిన నాటకంలో స్టేజీ ఎక్కాడు. అదే ఏడాది దొమినీక్ ఫూర్నియేని పెళ్ళి చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు. మిగతా జీవితమంతా ఈ కాపురమే.

అంతలో 1954. దర్శకుడు జాక్ బెకర్ తీసిన ‘తూషే పా ఓ గ్రీస్బీ’. పాత్ర కోసం మొదట అనుకున్నది గాబిన్‌ని కూడా కాదు. మాక్స్ అనే నడివయసు దొంగ. ఓర్లీ విమానాశ్రయంలో బంగారు కడ్డీలు కొట్టేశాడు, అది సినిమా మొదలయ్యేసరికే అయిపోయిన పని. ఇక ఆ డబ్బుతో రిటైరైపోవాలి. నేస్తం రిటాఁ నోరు జారడంతో అంతా చెడుతుంది.

సినిమా మధ్యలో ఒక సీను ఉంది. మాక్స్ ఎవరికీ తెలియని తన ఫ్లాటుకి రిటాఁని తీసుకొస్తాడు. అల్మరా తీసి ప్లేట్లు, బిస్కత్తు రొట్టెలు, పాతే (రొట్టె మీద రాసుకునే మెత్తటి మాంసపు ముద్ద) డబ్బా, వైను సీసా బయట పెడతాడు. ఇద్దరూ కూర్చుని రొట్టె మీద పాతే రాసుకుని కరకరా తింటారు. పడుచు పిల్లల వెనక తిరిగే వయసు మనది కాదురా అని స్నేహితుడికి మెల్లగా చీవాట్లు. తర్వాత పైజామా, తువ్వాలు, దుప్పట్లు తీసిస్తాడు. బాత్‌రూములో పళ్ళు తోముకుంటారు. రిటాఁ అద్దంలో తన ముఖం తడుముకుని చూసుకుంటాడు. గ్యాంగ్‌స్టర్ సినిమాలో హీరో పళ్ళు తోముకోవడం! కథ అంగుళం కూడా కదలదు. కానీ ఆ సీను లేకపోతే చివర్లో మాక్స్ స్నేహితుడి కోసం బంగారం ఎందుకు వదులుకుంటాడో మనకి పట్టదు.

లంకె ఇక్కడుంది. ఇంజను లివరు మీద వేసిన చెయ్యీ, ఆరిపోకుండా సిగరెట్టు అంటించుకున్న చెయ్యీ, రొట్టె మీద పాతే రాస్తున్న చెయ్యీ ఒకటే. గాబిన్ ఎప్పుడూ చేసింది చిన్న పనులు శ్రద్ధగా చెయ్యడమే. 1930లలో ఆ నిదానం వెనక పేలబోయే కోపం ఉండేది. ఇప్పుడు ఆ వెనక ఉన్నది అలసట. ఎనిమిదేళ్ళ పాటు వయసుని దాచి ఓడిపోయిన మనిషి, బెకర్ దగ్గర ఆ వయసునే ముందు పెట్టుకుని గెలిచాడు. సినిమా పెద్ద హిట్. వెనిస్‌లో ఇంకో నటుడి బహుమతి, అదే ఏడాది చేసిన ‘లేర్ ద పారీ’తో కలిపి. లీనో వెంచురా అనే మాజీ కుస్తీ యోధుడు తొలిసారి తెరమీద కనిపించింది కూడా ‘గ్రీస్బీ’లోనే. జాన్ మోరో కూడా ఉంది, ఇంకా పెద్ద స్టార్ కాకముందు.

రెండేళ్ళ తర్వాత ‘లా త్రావెర్సే ద పారీ’. ఇది నాకు మరీ ఇష్టం. జర్మన్ల కింద ఉన్న పారిస్, 1943. నటుడు బూర్విల్ ఉద్యోగం పోయిన టాక్సీ డ్రైవరు. కోసిన పందిని నాలుగు సూట్‌కేసుల్లో పెట్టుకుని రాత్రి కర్ఫ్యూలో ఊరి ఈ చివర్నుంచి ఆ చివరికి బ్లాక్‌మార్కెట్‌కి మోసుకెళ్ళాలి. తోడుకి దొరికిన అపరిచితుడు గాబిన్. నేలమాళిగలో కొట్టువాడితో (చిన్న వేషంలో లూయీ ద ఫ్యూనెస్) బేరమాడుతూ గాబిన్ అతని పేరు, వీధి పేరు గట్టిగా అరుస్తాడు, కేక కేకకీ రేటు పెంచుతాడు. వాడు చెమటలు కక్కుతాడు. తీరా తెలిసేదేంటంటే, ఈ మనిషి డబ్బున్న పేరుమోసిన చిత్రకారుడు, సరదాకి వచ్చాడు. పేదవాడికి ప్రాణసంకటం, ఇతనికి కాలక్షేపం. ముప్పైల్లో కూలివాళ్ళ హీరో అయిన నటుడే, పేదల మీద విరుచుకుపడి తిట్టే ధనికుడి వేషం వేశాడు. ఆ ఎరుక ఉన్న ఫ్రెంచి ప్రేక్షకుడికి ఆ తిట్టు ఎంత గట్టిగా తగిలి ఉంటుందో ఆలోచించండి. వెనిస్‌లో బహుమతి బూర్విల్‌కి వచ్చింది, న్యాయమే.

1955 తర్వాత ‘మూస’ అన్న ఆరోపణకి వద్దాం. అందులో నిజం లేదనను. ఏడాదికి మూడేసి నాలుగేసి సినిమాలు, అదే నలుగురైదుగురు దర్శకులు. సంభాషణలు ఎక్కువగా మిషెల్ ఓదియార్‌వి. న్యాయమూర్తి, బ్యాంకరు, మాజీ ప్రధాని, దొంగల పెద్ద, పోలీసు కమిషనరు, ఎవరైనా సరే చివరికి ఇంటిపెద్దలా కేకలేసే గాబినే. కొన్ని సినిమాల్లో నటన కన్నా హాజరు ఎక్కువ కనిపిస్తుంది. ఓదియార్ డైలాగుల గురించి మనలాంటివాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. అవి పారిస్ వీధి భాషలో, చమత్కారం మీద చమత్కారంగా పేర్చినవి. ఫ్రెంచి వాళ్ళు ఇప్పటికీ నోటికి చెబుతారు. సబ్‌టైటిల్లో పడేసరికి అర్థం మిగులుతుంది, రుచి పోతుంది. అందుకే అక్కడివాళ్ళు నెత్తిన పెట్టుకున్న కొన్ని సినిమాలు మనకి చప్పగా అనిపిస్తాయి, తప్పు మనదీ కాదు, వాళ్ళదీ కాదు.

సినిమాని కొత్తగా తియ్యాలని బయల్దేరిన న్యూవేవ్ కుర్రాళ్ళు ‘నాన్నల సినిమా’ అని ఎగతాళి చేసింది ఈ తరహా సినిమాలనే. వాళ్ళలో ఒకడైన త్రూఫో 1954లో ‘కాయే ద్యు సినిమా’ అనే పత్రికలో రాసిన దాడి వ్యాసం దానికి నాంది. కానీ అదే త్రూఫో ‘గ్రీస్బీ’ని మెచ్చుకుంటూ రాశాడు, ‘లా త్రావెర్సే ద పారీ’ని కూడా. కాబట్టి ‘న్యూవేవ్ వర్సెస్ గాబిన్’ అని అడ్డగీత గీసేసి ఎవరైనా చెబితే కొంచెం ఆగి వినండి.

ఆ రోజుల్లో జనాదరణ ఎంతంటే, 1958 నాటి ‘లే మిజెరాబ్ల్’కి ఫ్రాన్సులో కోటికి దగ్గరగా టికెట్లు తెగాయి. అందులో గాబిన్ జాన్ వాల్‌జాన్. మన పెద్దవాళ్ళకి ఆ పాత్ర అనగానే 1950 నాటి ‘బీదలపాట్లు’లో చిత్తూరు నాగయ్యగారు గుర్తొస్తారు. రెండూ దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి. నాగయ్యగారిది కరుణతో కరిగే వాల్‌జాన్. గాబిన్‌ది మోసిన బరువుకి భుజాలు గట్టిపడ్డ మనిషి. ఏది గొప్ప అన్న పోటీ నాకు అక్కర్లేదు. గాబిన్ ఆ పాత్రలో మరీ రాయిలా ఉన్నాడన్న ఫిర్యాదు మాత్రం నాకుంది.

డబ్బంతా ఏం చేశాడని కూడా అడుగుతారు. భూమి కొన్నాడు. నార్మండీలో ఓర్న్ జిల్లాలో పెద్ద వ్యవసాయ క్షేత్రం, పశువులు, పందెం గుర్రాలు. సినిమాల్లో చేసేదే పశువుల కోసమన్నట్టు మాట్లాడేవాడు. 1962 జూలైలో ఒక రాత్రి వందలమంది రైతులు వచ్చి ఇల్లు చుట్టుముట్టారు. సినిమా డబ్బుతో భూములు కొని చిన్నరైతుకి దక్కకుండా చేస్తున్నాడని, కొంత పొలం కుర్ర రైతులకి కౌలుకి ఇవ్వాలని పట్టుబట్టారు. రైతుల బాధలో న్యాయం ఉంది. కానీ జీవితమంతా రైతుగా లెక్కలోకి రావాలని తపించిన మనిషికి అది మానని గాయమైంది. సినిమాల్లో పేదవాడిగా బతికి, బయట భూస్వామిగా నిలబడ్డ చిక్కు ఆ రాత్రి బయటపడింది.

అదే ఏడాది ‘అన్ సాంజ్ ఆన్ ఇవేర్’లో కొత్త తరం బెల్మాందోతో, మరుసటి ఏడాది ‘మెలోదీ ఆన్ సూ సోల్’లో అలాన్ దెలాన్‌తో చేశాడు. 1969లో దెలాన్, వెంచురాలతో ‘ల క్లాన్ దె సిసిలియాఁ’. కుర్ర స్టార్లని తొక్కెయ్యాలని చూడడు, చోటిస్తాడు. బెల్మాందో సినిమాలో మందు మానేసిన హోటలు యజమానిగా మొదటి సగమంతా కుర్రాడు తాగుతుంటే చూస్తూ ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడమే మనల్ని పట్టి కూర్చోబెడుతుంది. 1963లో హాస్యనటుడు ఫెర్నాందెల్‌తో కలిసి సొంత నిర్మాణ సంస్థ కూడా పెట్టాడు. ఇద్దరి పేర్ల ముక్కలు కలిపి గాఫేర్ అన్నారు.

‘ల షా’ మీరు చూశారు కాబట్టి ఎక్కువ చెప్పను. బెర్లిన్ చలనచిత్రోత్సవంలో అతనికీ భార్యగా చేసిన సిమోన్ సిన్యోరేకీ ఇద్దరికీ నటనకి ‘వెండి ఎలుగుబంటి’ బహుమతి వచ్చింది. భార్యతో మాట్లాడకుండా కాగితం ముక్క మీద రాసి, ఉండ చుట్టి, వేలితో ఆమె మీదకి కొట్టే సీన్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆ ఉండ చుట్టడంలో ఉన్న శ్రద్ధ చూస్తే ‘ఒకే నటుడా’ అన్న మీ అనుమానం తీరుతుంది. ఏళ్ళ ద్వేషం అంతా రెండు వేళ్ళలో పెట్టాడు.

1976 ఏప్రిల్‌లో ఫ్రెంచి సినిమాకిచ్చే సెజార్ అవార్డుల మొట్టమొదటి సభకి అధ్యక్షుడిగా కూర్చున్నాడు. ఆ నవంబరు 15న పోయాడు. అతని కోరిక ప్రకారం నౌకాదళం లాంఛనాలతో బ్రెస్ట్ దగ్గర సముద్రంలో చితాభస్మం కలిపారు. మొత్తం సుమారు 95 సినిమాలు. వాటిలో నలభై వదిలేసినా మీకు నష్టం లేదు.

ఇక చూసే వరస. ముందు ‘గ్రీస్బీ’ చూడండి. వెంటనే ‘ల జూర్ స లేవ్’. ఈ రెంటికీ మధ్య తేడా, పోలిక రెండూ మీకే తెలుస్తాయి. తర్వాత ‘లా బెత్ యుమేన్’, ‘లా త్రావెర్సే ద పారీ’, ‘పెపే ల మొకో’. ‘పెపే’ చూసేటప్పుడు మాత్రం అల్జీర్స్‌లోని కస్బా అనే పాత పేటని, అక్కడి మనుషుల్ని వలస పాలకుల కళ్ళతో చూపించారన్నది మనసులో పెట్టుకోండి. ఈ అయిదింటికీ మంచి రిస్టోర్ చేసిన ప్రింట్లు ఉన్నాయి. ఇంగ్లీషు డబ్బింగ్ దొరికినా ముట్టుకోకండి, గొంతు లేని గాబిన్ సగం గాబిన్. ఎనిమిదేళ్ళ ఎండాకాలం నుంచి ఒక్కటి చూడాలంటే జెనోవా పంటినొప్పి సినిమా చూడండి, ‘మార్తాఁ రూమాన్యాక్’ ఓపిక ఉంటేనే. పైపు పట్టుకుని, డిటెక్టివ్ నవలల్లోని కమిషనర్ మెగ్రేగా చేసినవి మూడున్నాయి. 1958 నాటిదీ 1959 నాటిదీ హాయిగా చూడొచ్చు. 1963 నాటి మూడోదాంట్లో అమెరికా గ్యాంగ్‌స్టర్లని పారిస్‌కి దించి మెగ్రే మీదకి తోలారు, దాన్ని నేనైతే సగంలో ఆపేశాను.